‘సెట్’ అనే మాట మిమ్మల్ని ఎక్కడెక్కడ తికమక పెట్టింది?

కృష్ణలంక కుర్రాడు
నిన్న ఫోన్లో అమ్మతో “మా ప్రాజెక్టుకి సెట్‌బ్యాక్ వచ్చిందే” అన్నాను. పక్కనుంచి నాన్న “ఎన్ని అడుగులు వదలమన్నార్రా?” అన్నారు. ఇంటి ప్లాను అప్రూవల్ కోసం ఆర్నెల్లు తిరిగిన మనిషి మరి. ఆయనకి సెట్‌బ్యాక్ అంటే గోడకీ హద్దుకీ మధ్య వదలాల్సిన జాగా, నాకేమో ఎదురుదెబ్బ. అప్పట్నుంచీ లెక్కపెడుతున్నా: సెట్ దోసె, సినిమా సెట్, టెన్నిస్ సెట్, సంబంధం సెట్టవడం... మీవీ చెప్పండి.

సైటింజనీరు
మాకు సెట్ అంటే సిమెంటే. మామూలు ఓపీసీ (ఆర్డినరీ పోర్ట్‌లాండ్) సిమెంటు 30 నిమిషాల్లోపు బిగుసుకోవడం మొదలెట్టకూడదు, 600 నిమిషాలు దాటేలోపు పూర్తిగా బిగుసుకోవాలి. “సార్, సిమెంటు మాల్ సెట్టయిపోతోంది” అని మేస్త్రి అరిచాడంటే చేతిలో టీ అక్కడే వదిలేసి పరిగెత్తాలి. ఒక ఇంటాయన స్లాబు మీద మర్నాడు చెప్పు కాలితో తట్టి చూసి “సెట్టయిందిగా, సెంట్రింగ్ చెక్కలు తీసెయ్యండి” అన్నాడు. బిగుసుకోవడం వేరు స్వామీ, బలం రావడం వేరు! కాళ్లావేళ్లా పడి ఆపాం.

పాలమూరు రైతు
మా దిక్కు సెట్టంటే పంపుసెట్టే. మిగిలినయన్నీ కరెంటొచ్చినంక చూసుకుందాం.

బర్మింగ్‌హామ్ అమ్మ
ఇంగ్లండు వచ్చిన కొత్తలో టీచరు “మీవాడు మ్యాథ్స్‌లో టాప్ సెట్” అంది. పుస్తకాల సెట్టేమో అనుకుని, ఎంతకి దొరుకుతుందని అడిగాను. ఆవిడ కాసేపు నా మొహం చూసి, కాగితం మీద గీతలు గీసి మరీ చెప్పింది. ఇక్కడి స్కూళ్లలో చాలాచోట్ల ఒక్కో సబ్జెక్టుకి పిల్లల్ని స్థాయిని బట్టి గుంపులు చేస్తారట, ఆ గుంపే సెట్. కొనేది కాదన్నమాట. ఇంటికొచ్చాక మా ఆయన రెండ్రోజులు నవ్వారు.

నిఘంటుపిచ్చి
1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు రెండో కూర్పులో అన్నిటికన్నా పొడుగాటి ఆరోపం (అంటే ఒక మాట కింద ఇచ్చే వివరణంతా) దీనిదే. క్రియగానే 430కి పైగా అర్థాలు, వివరణ సుమారు 60,000 మాటలు. తర్వాత ‘రన్’ 645 అర్థాలతో దీన్ని దాటేసింది. అసలు సంగతేంటంటే ఇందులో రెండు మాటలు కలిసిపోయాయి. క్రియ పాత ఇంగ్లీషు ‘సెట్టన్’ నుంచి వచ్చింది, కూర్చోబెట్టడం అని అర్థం. గుంపు అనే అర్థానికి మాత్రం పాత ఫ్రెంచి మీదుగా లాటిన్ ‘సెక్టా’తో చుట్టరికం ఉంది. టాప్ సెట్, దోసెల సెట్ ఆ వైపువి. మాల్ సెట్టవడం ఈ వైపుది.

కోచింగ్ బాధితుడు
మరి ఎంసెట్?

నిఘంటుపిచ్చి
అది సీఈటీ బాబూ, కామన్ ఎంట్రన్స్ టెస్ట్. దీనికీ దానికీ ఏ సంబంధం లేదు. ఆంధ్రలో 2021లో, తెలంగాణలో 2024లో ఈఏపీసెట్ అయింది. ఇళ్లలో ఇంకా ఎంసెట్టే అనుకోండి.

తోడుపెరుగు
కూర్చోబెట్టడం అన్నారు కదా, నాకు మన ‘పెట్టు’ గుర్తొచ్చింది. వాళ్లు అలారం సెట్ చేస్తే మనం అలారం పెడతాం. ఉచ్చు పెడతాం, నిప్పు పెడతాం, ముహూర్తం పెడతాం. పాలు గోరువెచ్చగా ఉన్నప్పుడు చెంచాడు మజ్జిగ వేసి తోడు పెడితే పొద్దున్నకి గిన్నె వంచినా కదలదు, దాన్నే వాళ్లు సెట్ కర్డ్ అంటారు. పైగా మనం ముద్దులూ పేర్లూ గుడ్లూ కూడా పెడతాం!

సైటింజనీరు
సూర్యుడి దగ్గర మాత్రం కుదర్దండీ. వాళ్లకి సెట్టవుతాడు, మనకి గుంకుతాడు.

కృష్ణలంక కుర్రాడు
బర్మింగ్‌హామ్ అమ్మగారూ, మీవాడు ఇంకా టాప్ సెట్టేనా?

బర్మింగ్‌హామ్ అమ్మ
మొన్న రెండో సెట్‌కి దింపారండీ. ఈసారి టీచరు గీతలు గీయక్కర్లేకుండానే అర్థమైంది.