‘గ్రేవ్ ఆఫ్ ద ఫైర్‌ఫ్లైస్’ ఎనిమిదేళ్ల పాపకు చూపించవచ్చా?

ప్రశ్న: ఇద్దరు పిల్లల తల్లి, హనుమకొండ

అందరికీ నమస్కారం. మా బాబుకు పదమూడేళ్లు, పాపకు ఎనిమిదేళ్లు. జపాన్‌లోని స్టూడియో జిబ్లీ తీసిన ‘మై నైబర్ టొటొరో’ అంటే ఇద్దరికీ ప్రాణం. అదే స్టూడియో 1988లో తీసిన ‘గ్రేవ్ ఆఫ్ ద ఫైర్‌ఫ్లైస్’ నెట్‌ఫ్లిక్స్‌లో కనిపించినప్పటి నుంచి, ఈ సెలవుల్లో అందరం కలిసి చూద్దామని పట్టుబడుతున్నారు. బొమ్మల సినిమాయే కదా, చూపిస్తే ఏమవుతుందని మావారు అంటున్నారు. చూసినవాళ్లు మాత్రం దాన్ని మళ్లీ చూసే ధైర్యం చేయలేమని చెబుతున్నారు. మా అత్తగారు ఈ మధ్యే కాలం చేశారు. అప్పటి నుంచి పాప చావు గురించి తరచూ అడుగుతోంది, రాత్రిళ్లు నా చెయ్యి పట్టుకుంటే గానీ నిద్రపోవడం లేదు. ఇందులో పిల్లల్ని కలవరపెట్టేవి ఏమున్నాయో, ఒకటి రెండు సన్నివేశాలు దాటేసి చూపిస్తే సరిపోతుందో లేదో చూసినవారు వివరంగా చెప్పగలరా?

సమాధానం 1: యానిమేషన్ సినిమాలు ఇష్టంగా చూసే పాఠకుడు, విశాఖపట్నం

అమ్మా, మీ పాపకు ఇప్పుడు చూపించవద్దు. బాబు సంగతి వేరు, దాని గురించి చివర చెబుతాను.

ముందుగా కథ. 1945లో కోబే నగరంపై అమెరికా విమానాలు నిప్పు బాంబులు కురిపించిన రోజుల్లో, పద్నాలుగేళ్ల సెయితా, అతని నాలుగేళ్ల చెల్లెలు సెట్సుకో తల్లిని పోగొట్టుకుని, దూరపు బంధువైన అత్త ఇంట్లో తలదాచుకుంటారు. అక్కడ ఇమడలేక చెరువుగట్టున పాడుబడిన ఒక బాంబు షెల్టర్‌లోకి మకాం మారుస్తారు. చివరికి తిండి లేక ఒకరి తరువాత ఒకరు చనిపోతారు. ముగింపు చెప్పేశానని అనుకోకండి, సినిమా మొదలయ్యేదే సెయితా సన్నోమియా స్టేషన్‌లో స్తంభానికి ఆనుకుని ప్రాణం విడవడంతో. 1945 సెప్టెంబరు 21 రాత్రి తాను చనిపోయానని అతని గొంతే మనకు చెబుతుంది. అంటే, ఎవరో వచ్చి ఈ పిల్లల్ని కాపాడతారన్న ఆశకు దర్శకుడు ఇసావో తకాహత మొదటి నిమిషంలోనే తావు లేకుండా చేశాడు.

సన్నివేశాలు దాటేయడం గురించి అడిగారు. దాటేయగలిగినవి ఉన్నాయి. ఒళ్లంతా కాలిపోయి, నెత్తురు ఊరే కట్లతో తల్లి పడుకుని ఉన్న సన్నివేశం, ఆ తరువాత ఆమె శవానికి పురుగులు పట్టినట్టు చూపించిన క్షణం రిమోట్ నొక్కితే పోతాయి. కానీ చిన్నపిల్లల మనసులో నాటుకుపోయేవి అవి కావని నా నమ్మకం. సెట్సుకో పండ్ల రుచుల బిళ్లలున్న చిన్న రేకు డబ్బాను ఎప్పుడూ వదలదు. బిళ్లలు అయిపోయాక సెయితా అందులో నీళ్లు పోసి, గిలకరించి, అంటుకున్న తీపినంతా కరిగించి తాగిస్తాడు. చివర్లో ఆ పిల్ల గాజుబిళ్లను బిళ్ల అనుకుని చప్పరిస్తుంది, మట్టిముద్దలు చేసి అన్నకు అన్నం పెట్టినట్టు అందిస్తుంది. ఇందులో రక్తం లేదు, అరుపులు లేవు. 89 నిమిషాల సినిమాలో ఆకలి ఇంత నెమ్మదిగా, ప్రతి సన్నివేశంలోనూ కొంచెం కొంచెంగా పెరుగుతుంటే ఎక్కడ కోస్తారు?

మామూలుగా పిల్లల సినిమాలో రాక్షసుడు వచ్చినా, మంత్రగత్తె వచ్చినా, పిల్లలు భయపడతారు, కేకలు పెడతారు, చివరకు ఆ భయం ఓడిపోవడం చూసి ఊపిరి పీల్చుకుంటారు. అలాంటి చీకటి పిల్లలకు హాని చేయదు, అవసరం కూడా. ఇక్కడ ఓడించడానికి ఎదురుగా శత్రువు లేడు. అన్న ప్రేమ చూపించినా, కష్టపడినా, చివరికి దొంగతనం చేసినా చెల్లెలు బతకదు. ఎనిమిదేళ్ల పాప తనను సెయితాలో చూసుకోదు, సెట్సుకోలో చూసుకుంటుంది. నానమ్మ చావును ఇంకా జీర్ణం చేసుకోలేని పాపకు, తల్లి పోయిందన్న సంగతి తనకు ముందే తెలుసని చెబుతూ చచ్చిన మిణుగురులకు గుంత తవ్వి పాతిపెట్టే సెట్సుకోను చూపించడం న్యాయం కాదు.

స్టూడియో పేరు చూసి నమ్మవద్దు. ఈ సినిమానూ మీ పిల్లలు ప్రేమించే ‘టొటొరో’నూ 1988 ఏప్రిల్‌లో జపాన్ థియేటర్లలో జంటగా విడుదల చేశారు. ఆ రోజు కుటుంబాలతో వెళ్లినవారి పరిస్థితి ఊహించడానికే నాకు కష్టంగా ఉంటుంది.

బాబుకు చూపించవచ్చు, మీరు పక్కన కూర్చుంటేనే. బ్రిటన్‌లో దీనికి ఇచ్చిన సర్టిఫికెట్ కూడా 12.

సమాధానం 2: సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయురాలు, గుంటూరు జిల్లా

పై సమాధానంతో ఏకీభవిస్తూ, బాబు విషయంలో కొంత చేర్చాలనుకుంటున్నాను. రెండో ప్రపంచ యుద్ధం పాఠం చెప్పేటప్పుడు హిరోషిమా, నాగసాకి పేర్లు పిల్లలందరికీ గుర్తుంటాయి గానీ, అణుబాంబుకు ముందే కోబే, టోక్యో వంటి నగరాల్లోని చెక్క ఇళ్లు నిప్పు బాంబులకు వరుసగా తగలబడిపోయాయని చాలామందికి తెలియదు. కోబే మీద 1945 మార్చి 17న ఒకసారి, జూన్ 5న మరోసారి పెద్ద దాడులు జరిగాయి. ఈ నేపథ్యం ముందు పది నిమిషాలు చెబితే, బాబుకు కథ ఎక్కడ నిలబడి ఉందో తెలుస్తుంది. మూలకథ రాసిన అకియుకి నొసాకా యుద్ధకాలంలో తన చెల్లెలిని పోషకాహారం లేక పోగొట్టుకున్నవాడు, దర్శకుడు తకాహత కూడా చిన్నతనంలో ఒకయామాపై జరిగిన వైమానిక దాడి నుంచి బయటపడినవాడు. ఈ సంగతులు సినిమా అయ్యాక చెప్పండి, ముందు వద్దు.

చూసిన తరువాత యుద్ధం చెడ్డదని బాబు చేత చెప్పించి వదిలేయకండి. ఆ పిల్లల్ని సూటిపోటి మాటలన్న అత్త నిజంగా చెడ్డమనిషా, సెయితా అహం చంపుకుని ఆమె ఇంటికి తిరిగి వెళ్లి ఉంటే చెల్లెలు బతికేదా అని అడగండి. పదమూడేళ్లవారు ఈ ప్రశ్న దగ్గర గట్టిగా వాదిస్తారు. ఒకరు అత్తను తిడతారు, ఇంకొకరు రేషన్ బియ్యంతో తన ఇంటివాళ్లనే సాకలేని ఆమె మాత్రం ఏం చేయగలదంటారు. ఆ వాదనలో దుఃఖం కొంత తేలికపడుతుంది.

సమాధానం 3: తాతగారు, రాజమహేంద్రవరం

నేను కొంత విభేదిస్తాను, అన్యథా భావించవద్దు. మా చిన్నప్పుడు హరిశ్చంద్ర నాటకం తెల్లవార్లూ చూసేవాళ్లం. లోహితాస్యుడు పాము కరిచి చనిపోవడం, చంద్రమతి కొడుకు శవాన్ని ఎత్తుకుని కాటికి రావడం, కాటి సీను పద్యాలకు ఊరంతా ఏడవడం చూస్తూనే పెరిగాం. మా వయసు అప్పుడు ఏడో ఎనిమిదో. మాకేమీ కాలేదు, పైగా మనసులు మెత్తబడ్డాయి. చావును పిల్లల కంటపడకుండా దాచడం ఈ తరానికి అలవాటైంది. పాపను మరీ సున్నితం చేయకండి.

సమాధానం 1 రాసినవారు

తాతగారూ, మీ మాటలో పెద్ద సత్యం ఉంది. కానీ లోహితాస్యుడు తిరిగి లేస్తాడు కదండీ. తెల్లవారేసరికి విశ్వామిత్రుడు పరీక్ష ముగిసిందంటాడు, రాజ్యం తిరిగి వస్తుంది, హారతి ఇచ్చి జనం ఇళ్లకు వెళతారు. పిల్ల ఎంత ఏడ్చినా ఆ హారతి చూసే నిద్రపోతుంది. పైగా చుట్టూ ఊరంతా కలిసి ఏడుస్తోంది, పక్కన నానమ్మ ఉంది. ఈ సినిమా ఆ హారతిని ఇవ్వదు, ఇవ్వకూడదన్నదే దాని ఉద్దేశం. చావును దాచమని నేను అనడం లేదు. పాప నానమ్మ గురించి అడిగిన ప్రతిసారీ దాచకుండా జవాబివ్వాలనే అంటున్నాను, ఆ పని ఈ సినిమాకు అప్పగించవద్దంటున్నాను.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ముందు నేనూ మావారూ చూసి, ఆ తరువాతే బాబుకు చూపించాలని నిర్ణయించుకున్నాం. పాప పెద్దయ్యాక చూద్దాం. ఒక్క సందేహం మిగిలింది. ఉన్నది రెండు గదుల ఇల్లు. బాబుతో చూస్తుండగా పాప మధ్యలో వచ్చేస్తే ఎలా?

సమాధానం 2 రాసినవారు

పాప ఇంట్లో లేని పూట పెట్టుకోండి, రాత్రి పూట అసలు వద్దు. ఒకవేళ వచ్చేస్తే టక్కున ఆపేసి బయటకు పంపకండి, దాచిపెట్టినదానిపైనే పిల్లల ధ్యాసంతా ఉంటుంది. మామూలుగా ఆపి, ఇది యుద్ధంలో అమ్మ లేకుండా పోయిన పిల్లల కథ, చాలా బాధగా ఉంటుంది, నువ్వు పెద్దయ్యాక కలిసి చూద్దామని ఉన్నమాట చెప్పండి. తాను చూసిన ముక్క గురించి పాప ఏదైనా అడిగితే, అడిగినంతవరకే జవాబు చెప్పండి. ఆ యాప్‌లో పాపకు వేరే ప్రొఫైల్ పెట్టి వయసు పరిమితి బిగించండి, పెద్దల ప్రొఫైల్‌కు పిన్ పెట్టండి. ఆ పిన్ బాబుకు కూడా తెలియకుండా చూసుకోండి. అన్న దగ్గర అడిగి తెలుసుకోవడం చెల్లెళ్లకు ఎంతసేపు?