నిటారుగా ఎక్కే మట్టి దారిలో ఆగిన బండిని మళ్లీ తీయడం ఎలా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మాది పాడేరు వైపు కొండ మీద ఊరు. తార్రోడ్డు దిగాక ఊరి దాకా మట్టి దారే. అందులో ఒకచోట బాగా నిటారు ఎత్తు, దానికి తోడు మలుపు. వానలకు దారి మధ్యలో కోసుకుపోయి గుండ్రాళ్లు తేలాయి. ఈ మధ్య పాత డీజిల్ పికప్ తీసుకున్నాను. మాన్యువల్ గేర్లు, ఫోర్ వీల్ డ్రైవ్ ఉంది. పక్క లివరుకి టూ హై (వెనక చక్రాలకే బలం), ఫోర్ హై (నాలుగు చక్రాలకీ), ఫోర్ లో (నాలుగింటికీ, నెమ్మదిగా, ఎక్కువ బలంతో) ఉన్నాయి. సంత నుంచి సిమెంటో, ఇంటి సామానో వేసుకుని వచ్చేటప్పుడు ఆ ఎత్తులో పశువులు అడ్డం వచ్చి ఆపాల్సి వస్తే, మళ్లీ తీయడం గగనమవుతోంది. కాలు బ్రేకు మీంచి యాక్సిలేటర్ మీదకి వెళ్లేలోపే బండి వెనక్కి జారుతుంది. రేజింగ్ ఎక్కువిస్తే వెనక చక్రాలు ఉన్నచోటే తిరుగుతాయి, క్లచ్ ప్లేటు కాలిన వాసన. తక్కువిస్తే ఆఫ్ అయిపోతుంది. పక్కన లోయ, చాలా టెన్షన్‌గా ఉంటోంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

జవాబు (ఏజెన్సీలో జీపు నడిపే డ్రైవరు):
తమ్ముడూ, నువ్వు రాసినదాన్ని బట్టి టూ హైలోనే ఎక్కుతున్నట్టున్నావు. వెనక చక్రాలొక్కటే తిరగడం దానికి గుర్తు. ఆ ఎత్తుకి ఫోర్ లో వెయ్యి. ఫోర్ లోలో ఇంజిన్ అదే స్పీడులో తిరుగుతున్నా చక్రాలు రెండు, రెండున్నర రెట్లు నెమ్మదిగా తిరుగుతాయి, లాగే బలం అంతే పెరుగుతుంది. డీజిల్ బండి కాబట్టి ఫస్ట్‌లో యాక్సిలేటర్ ముట్టుకోకపోయినా మనిషి నడకలో పాక్కుంటూ పోతుంది. సగం బాధ అక్కడే పోతుంది.

కానీ ఆ లివరు మార్చేది ఎత్తు కింద, చదునులో. బండి పూర్తిగా ఆపి, క్లచ్ తొక్కి, గేరు న్యూట్రల్‌లో పెట్టి మార్చు. ఎత్తు మధ్యలో ఆగాక ఎట్టి పరిస్థితుల్లోనూ ఆ లివరు జోలికి వెళ్లకు. హైకీ లోకీ మధ్యలో దానికీ ఒక న్యూట్రల్ ఉంటుంది. లివరు అక్కడ చిక్కుకుంటే, నువ్వు ఫస్ట్‌లో పెట్టినా చక్రాలకీ ఇంజిన్‌కీ సంబంధం ఉండదు. బండిని పట్టుకునేది బ్రేకొక్కటే. లోయ పక్కన ఇదే అన్నిటికన్నా ప్రమాదం.

ఇక ఆగి తీయడం. కాలి బ్రేకు తొక్కి ఉంచి హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగు. ఫస్ట్ గేరు. కుడి కాలు యాక్సిలేటర్ మీదకి తెచ్చుకో, హ్యాండ్ బ్రేకు పట్టుకుంది కాబట్టి తొందరేమీ లేదు. హ్యాండ్ బ్రేకు బటన్ నొక్కి పట్టుకునే ఉండు, కిందికి మాత్రం దించకు. క్లచ్ నెమ్మదిగా వదులుతుంటే ఒకచోట ఇంజిన్ శబ్దం బరువెక్కుతుంది, బానెట్ కాస్త పైకి లేచినట్టు సీట్లో తెలుస్తుంది. అదే చోటు. అప్పుడు కొద్దిగా యాక్సిలేటర్ ఇస్తూ హ్యాండ్ బ్రేకు దించు. బండి కదలగానే క్లచ్ మీంచి కాలు పూర్తిగా తీసేయి. ఖాళీ బండితో, చిన్న ఎత్తులో నేర్చుకుని, తర్వాతే లోడుతో వెళ్లు.

ఇంకొకరు:
అన్నా, మేము హాఫ్ క్లచ్‌లోనే (క్లచ్ సగం వదిలి) బండిని ఎత్తులో నిలబెడతాం. హ్యాండ్ బ్రేకు అవసరమే రాలేదు.

మళ్లీ డ్రైవరు:
ఖాళీ కారుతో సిటీ ఫ్లైఓవర్ మీద రెండు సెకన్లు నడుస్తుంది బాబూ. లోడు పికప్‌తో కొండ మీద పశువులు దారి ఇచ్చేదాకా హాఫ్ క్లచ్‌లో నిలబెడితే బండి బరువంతా ఆ ప్లేటు రాపిడి మీదే ఉంటుంది. అంతా వేడిగా మారుతుంది. వాసన వచ్చిందంటే ప్లేటు కాలుతోందనే. అప్పుడు చదునుకి వచ్చి, న్యూట్రల్‌లో ఇంజిన్ ఆన్‌లో ఉంచి, క్లచ్ మీంచి కాలు తీసి చల్లారనివ్వాలి. వెంటనే మళ్లీ ఎక్కించబోతే దారి మధ్యలో క్లచ్ చేతులెత్తేస్తుంది.

అడిగినవారు:
చాలా థ్యాంక్స్ అన్నా. ఎక్కుతుండగా మధ్యలో ఇంజిన్ ఆఫ్ అయిపోతే ఏం చేయాలి? నాకు అసలు భయం అదే.

జవాబు (మెకానిక్):
ఆఫ్ అయిన వెంటనే అందరూ చేసేది క్లచ్ తొక్కడం. అది వద్దు. ఫోర్ లో ఫస్ట్‌లో ఉంటే ఆగిన ఇంజినే బండిని పట్టుకుంటుంది, క్లచ్ తొక్కితే ఆ పట్టు పోతుంది. ముందు కాలి బ్రేకు గట్టిగా, ఆ తర్వాత హ్యాండ్ బ్రేకు. కాలి బ్రేకు ఒక్కసారి తొక్కి అలాగే ఉంచండి, పంపు కొట్టినట్టు తొక్కొద్దు. ఇంజిన్ ఆగాక, బ్రేకు తొక్కడాన్ని తేలిక చేసే బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ ఒకటి రెండు తొక్కుళ్లకే సరిపోతుంది. తర్వాత పెడల్ రాయిలా గట్టిపడుతుంది. స్టీరింగ్ కూడా బరువెక్కుతుంది.

పైకి వెళ్లగలదు అనిపిస్తే హ్యాండ్ బ్రేకుతో మళ్లీ మామూలుగా తీయండి. చక్రాలు తిరిగిపోతున్నాయా, మొండికేయకుండా కిందికి రండి. రెండు బ్రేకులూ పట్టి ఉండగానే క్లచ్ తొక్కి, రివర్స్ వేసి, క్లచ్ పూర్తిగా వదిలేయండి. ఇప్పుడు గేరు బండిని పట్టుకుంది. స్టీరింగ్ తిన్నగా ఉందో లేదో, అద్దాల్లో దారి కనిపిస్తోందో లేదో చూసుకుని, హ్యాండ్ బ్రేకు, కాలి బ్రేకు మెల్లగా వదిలి, క్లచ్ తొక్కకుండానే సెల్ఫ్ కొట్టండి. సెల్ఫ్ మోటారే బండిని వెనక్కి కదిలిస్తూ ఇంజిన్‌ని స్టార్ట్ చేస్తుంది. ఫోర్ లో రివర్స్‌లో ఇంజిన్ పట్టుతో మెల్లగా దిగుతుంది. కింద చదును వచ్చేదాకా క్లచ్ తొక్కకండి, బ్రేకు అవసరమైనంతే. ఎత్తు మీద బండిని అడ్డంగా తిప్పే ప్రయత్నం మాత్రం చేయకండి, లోడుతో పక్కకి పల్టీ కొడుతుంది.

ఒక తేడా: క్లచ్ తొక్కితేనే సెల్ఫ్ తీసుకునే బండ్లున్నాయి. వాటిలో ఇలా కుదరదు. బ్రేకులు పట్టి ఉంచి, క్లచ్ తొక్కి స్టార్ట్ చేసి, క్లచ్ పూర్తిగా వదులుతూ బ్రేకు విడవాలి. మీ బండి ఏ రకమో ఇంటి దగ్గర చదునులో చూసుకోండి.

అడిగినవారు:
మాది క్లచ్ తొక్కకపోయినా సెల్ఫ్ తీసుకుంటుంది, ఇప్పుడే చూశాను. కానీ హ్యాండ్ బ్రేకు పూర్తిగా లాగినా లోడుతో కాస్త జారుతోంది. వెనక చక్రానికి రాయి వేయడానికి మా తమ్ముణ్ణి డెక్‌లో కూర్చోబెట్టుకుంటున్నా.

మెకానిక్:
అయితే ముందు ఆ పని. హ్యాండ్ బ్రేకు కేబుల్ సాగి ఉంటుంది, లేదా వెనక డ్రమ్ముల్లో లైనర్లు అరిగి ఉంటాయి. అడ్జస్ట్ చేయించకుండా ఆ ఎత్తుకి లోడు తీసుకెళ్లొద్దు. ఫోర్ లోలో ముందు, వెనక చక్రాలకి బలం అందించే షాఫ్టులు కలిసే ఉంటాయి కాబట్టి మంచి హ్యాండ్ బ్రేకు నాలుగు చక్రాలనూ పట్టుకుంటుంది, టూ హైలో వెనక రెండే. ఇక మీ తమ్ముడు: రాయి వేసే మనిషి చక్రం వెనక నిలబడకూడదు, పక్క నుంచి వేసి తప్పుకోవాలి. లోయ వైపు అసలు దిగకూడదు. డెక్‌లో వద్దు, ముందు సీట్లో కూర్చోమనండి. చేతికి దొరికిన గుండ్రాయి కన్నా, కోణంగా కోసిన చెక్క దిమ్మ తాడు కట్టి బండిలో ఉంచుకోండి. తాడుంటే దూరం నుంచే లాగి తీసేయొచ్చు.

డ్రైవరు:
తమ్ముడూ, ఇంకోటి. తార్రోడ్డు ఎక్కగానే బండి ఆపి టూ హైకి మార్చుకో. ఫోర్ లోలో గట్టి రోడ్డు మీద మలుపులు తిప్పితే షాఫ్టులు మెలిపడి లివరు బిగుసుకుంటుంది.