గొర్రెలు లేకుండా కాపరి కుక్కకు ట్రైనింగ్: మీ అనుభవాలు చెప్పండి

కోలీతో_కొత్త: మా బోర్డర్ కోలీకి 9 నెలలు. దగ్గర్లో ఎక్కడా గొర్రెలు లేవు. సైకిల్ కనిపిస్తే చాలు, నేలకు కరుచుకుని చూస్తుంది, తర్వాత దూసుకెళ్తుంది. మంద లేకుండా ఏం నేర్పవచ్చు? లేజర్ లైట్ వాడొచ్చా? ట్రైబాల్ ఎవరైనా ఆడించారా?

బంతులాట: ట్రైబాల్ మొదలుపెట్టండి. 8 పెద్ద బంతులను కుక్క ఒక్కొక్కటిగా గోల్‌లోకి తోస్తుంది. కానీ తోయడం చివర్లో నేర్పాలి. ముందు బంతి అవతలికి వెళ్లి, మన వైపు తిరిగి పడుకోవడం రావాలి. నేను తోయడంతో మొదలుపెట్టాను, మా అమ్మాయి (మా కుక్కే) బంతులన్నీ కొరికేసింది, రెండు నెలలు పోయాయి. ఇప్పుడు కాపరి కుక్కలకిచ్చే ఆజ్ఞలు నేర్చుకుంది: 'కమ్‌బై' అంటే ఎడమకు, 'అవే' (away) అంటే కుడికి తప్పకుండా వెళ్తుంది.

మందవెనక: ఎడమా కుడీ కాదండీ. కమ్‌బై అంటే మంద చుట్టూ సవ్యదిశ, అవే అంటే అపసవ్యం. కుక్క మందకు అవతల ఉన్నప్పుడు మీ ఎడమకు వచ్చిందంటే అది అపసవ్యమే. ఇలా తప్పు నేర్చుకున్న కుక్కల్ని 20 ఏళ్లుగా సరిదిద్దుతున్నాను.

బంతులాట: గొర్రెలు లేవని మొదట్లోనే రాశారు. చదివారా?

మందవెనక: చదివాను. రేపు గొర్రెలు దొరికితే? మాట ఒకసారి తప్పుగా పడితే మార్చడానికి నెలలు పడుతుంది, నష్టం కుక్కకే.

బాతులమ్మ: ఇద్దరూ ఆగండి. కుక్క మంద వైపు మొహం పెట్టి నిలబడితే, ఎక్కడున్నా కమ్‌బై దాని ఎడమే. మన ఎడమ కాదు. కాగితం మీద గీసి చూడండి. నేనైతే బాతులతో నేర్పాను. కోళ్లలా చెదిరిపోవు, గుంపుగా కదులుతాయి. ఎండలో వద్దు, ఒక్కోసారి 10 నిమిషాలు మించొద్దు.

మడమలు_జాగ్రత్త: మాది ఆస్ట్రేలియన్ కాటిల్ డాగ్. మడమలు కరిచి పశువుల్ని తోలే జాతి, బాతుల దగ్గరికి ఎలా వదలను? ఇంట్లో పిల్లల మడమలకే దిక్కు లేదు. నాకు తోలడం కాదు, ఆగడం కావాలి.

మందవెనక: బంతి బెదరదు, పక్కకు తప్పుకోదు. ఎంత దూరంలో ఆగితే మంద కదులుతుందో గొర్రెల ముందే తెలుస్తుంది. 1893లో పుట్టిన ఓల్డ్ హెంప్ (బోర్డర్ కోలీలకు మూలంగా చెప్పే కుక్క) దగ్గర్నుంచి బోర్డర్ కోలీని పెంచింది ఆ పనికే.

బంతులాట: మరి గొర్రెలు లేనివాళ్లు కుక్కను కట్టేసి కూర్చోవాలా? మా అమ్మాయి రాత్రి హాయిగా పడుకుంటోంది, నాకు అది చాలు.

నీడల_బాధ: లేజర్ మాట ఎవరూ పట్టించుకోలేదు. దయచేసి వాడకండి. పట్టుకోవడానికి ఏమీ దొరకదు కాబట్టి వెతుకులాట ఆగదు. మా కుక్కగాడు ఏడాదిగా గోడల మీద నీడల వెంట పడుతున్నాడు, వాచీ మీద ఎండ మెరిసినా వణుకుతాడు. తిండి మానేశాడు, ఇప్పుడు మందులు వాడుతున్నాం.

మడమలు_జాగ్రత్త: అయ్యో. సైకిళ్ల సంగతి నేను చెప్తాను. పరుగు మొదలయ్యాక అరిచినా వినపడదు. తల దించి చూపు నిలిపిన క్షణంలోనే పిలవాలి. మాకు పని చేసింది అదొక్కటే.

కోలీతో_కొత్త: లేజర్ పారేశాను. నిన్న సైకిల్ ఇంకా దూరంగా ఉండగానే పిలిచాను, రెండుసార్లు తల తిప్పింది. మూడోసారి లాగేసింది, చేయి కోసుకుపోయింది. తాడు ఎంత పొడవు వాడుతున్నారు?

బంతులాట: 10 మీటర్లు. మెడపట్టీకి కాదు, హార్నెస్‌కి కట్టండి. చేతికి గ్లవుజులు వేసుకోండి.