కాకతీయులు లేకపోతే తెలుగు జాతి అన్నదే లేదా?

పల్నాటి బుల్లోడు:
సూటిగా చెప్తాను, ఒప్పుకోనివాళ్లు కారణం చెప్పండి. తెలుగువాళ్లమంతా ఒక జాతి అని ఈరోజు అనుకుంటున్నామంటే దానికి పునాది వేసింది కాకతీయులే. అంతకుముందు ఏముంది? తీరంలో వేంగి చాళుక్యులు, వాళ్ల తర్వాత వెలనాటి చోడులు. లోపల కల్యాణి చాళుక్యుల పెత్తనం. నెల్లూరు వైపు తెలుగు చోడులు. ఎవరి గోల వాళ్లది. 1163లో రుద్రదేవుడు తాను ఎవరికీ సామంతుణ్ణి కానని హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనంతో చాటాడు. గణపతిదేవుడు 1199లో గద్దెనెక్కి అరవై ఏళ్లకు పైగా ఏలి, తీరాన్నీ మెట్టనూ ఒకే గొడుగు కిందికి తెచ్చాడు.

నమ్మకపోతే 1244లో ఆయన మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం చదవండి. అంతకుముందు రాజులు తుఫానులో చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకంతా లాగేసుకునేవాళ్లు. ఇకమీదట నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ ముట్టుకోం, భయం లేకుండా రండి అని రాతి మీద చెక్కించాడు. ఎక్కడో ఓరుగల్లులో కూర్చున్న రాజు మాట సముద్రం మీద వ్యాపారికి ధైర్యం ఇచ్చింది. అదీ రాజ్యమంటే.

శాసనాల పిచ్చోడు:
చిన్న చేర్పు. 1163 శాసనంలో ఎక్కువ భాగం సంస్కృత శ్లోకాలే. అంతకుముందు సామంతులుగా ఉన్నప్పుడు కాకతీయులు కన్నడంలోనూ శాసనాలు వేయించారు. స్వతంత్రులయ్యాకే తెలుగు వైపు తిరిగారు.

పల్నాటి బుల్లోడు:
చూశారా, నేను చెప్పిందే మీరూ చెప్తున్నారు. స్వతంత్రులయ్యాక తెలుగు.

రామప్ప గట్టు:
బుల్లోడు గారూ, సముద్రం సంగతి మీరు చెప్పారు, చెరువు సంగతి నేను చెప్తాను. మాది ములుగు దగ్గర. రామప్ప గుడి కట్టించింది రేచర్ల రుద్రుడని 1213 శాసనంలోనే ఉంది. ఆయన గణపతిదేవుడి సేనాని, రాజు కాదు. ఆ పక్కన చెరువూ రేచర్ల వాళ్ల చలవే. పాఖాల చెరువు తవ్వించింది జగదాళ ముమ్మడి, ఆయన మంత్రి కొడుకు. అన్నిటికీ కలిపి 'కాకతీయుల చెరువులు' అని పేరు పెట్టుకుని మురిసిపోతున్నాం.

రాజు ఖజానా నుంచి పైసా వచ్చిందని ఎక్కడైనా ఉంటే చూపించండి. ఆ రోజుల్లో చెరువు కట్టినవాడికి దశబంధం ఇచ్చేవాళ్లు. అంటే ఆ చెరువు కింద పారే భూమిలో పదో వంతు. కట్ట తెగితే పూడ్చడం, తూము చూసుకోవడం వాడి బాధ్యత. ఒక చెరువు మత్తడి దూకితే ఆ నీళ్లు కింది చెరువులోకి పోవాలి, అది నిండితే ఇంకో దాంట్లోకి. ఏ తూము ఎప్పుడు ఎత్తాలో నీరటికాడికి తెలుసు, ఓరుగల్లు కోటలో ఉన్నవాడికి తెలియదు. జాతి అంటూ ఏదైనా కుదిరితే ఆ గొలుసుకట్టు చెరువుల కింద కుదిరింది.

చిన్నోడు:
మా ఊరి చెరువూ కాకతీయులదే అంటారు అన్నా. పక్కూరి వాళ్లు కూడా అదే అంటారు. ఎన్ని తవ్వించారో పాపం.

పల్నాటి బుల్లోడు:
గట్టు గారూ, కాంట్రాక్టర్ కట్టాడని ప్రాజెక్టు ప్రభుత్వానిది కాకుండా పోతుందా? రేచర్ల రుద్రుడికి ఆ ప్రాంతం ఇచ్చింది ఎవరు? గణపతిదేవుడు. ఆయన మీద నమ్మకంతోనే కదా వీళ్లంతా పెట్టుబడి పెట్టింది. వెనక రాజ్యం గట్టిగా లేకపోతే పదో వంతు వస్తుందన్న ధీమాతో ఎవడు చెరువు తవ్వుతాడు?

ఇంకోటి. అమరావతి పక్కన మందడం, మల్కాపురం ఉన్నాయి కదా. మల్కాపురం శాసనం 1261 నాటిది. విశ్వేశ్వర శివాచార్యులకు ఇచ్చిన గ్రామాల రాబడిలో ఎంత దేనికి పోవాలో అందులో రాసి ఉంది. మఠానికి, అన్నసత్రానికి, విద్యార్థులకు, ఆరోగ్యశాలకు, ప్రసూతిశాలకు. పురుడు పోయడానికి 1261లో ఒక ఆస్పత్రి! ఇదీ మీ నీరటికాడు పెట్టించాడా?

రామప్ప గట్టు:
అది గోళకీ మఠానికి, శైవ గురువులకు ఇచ్చిన దానం. నేను అడిగింది చెరువు గురించి. పాఖాలకు రాజు ఎంత ఇచ్చాడు?

తుంగభద్ర:
ఇద్దరూ ఓరుగల్లు నుంచి తీరం దాకా తిరుగుతున్నారు, సీమ వైపు ఎవరూ రావడం లేదు. కాయస్థ అంబదేవుడి పేరు విన్నారా? కాకతీయుల కింద కడప దగ్గర వల్లూరు నుంచి ఏలిన వంశం వాళ్లది. అంబదేవుడు తిరగబడ్డాడు. 1290 త్రిపురాంతకం శాసనంలో పైన ప్రభువు ఒకడున్నాడన్న ఊసు లేకుండా తన విజయాలు చెప్పుకున్నాడు. అంతకు కొన్ని నెలల ముందే, 1289 నవంబరులో రుద్రమదేవి, సేనాని మల్లికార్జున నాయకుడు చనిపోయారని నల్లగొండ వైపు చందుపట్ల శాసనం చెప్తుంది. అంబదేవుడితో యుద్ధంలోనే అని చాలామంది చరిత్రకారుల మాట. మరి మీ 'ఒకే గొడుగు' సీమ మీదకి వచ్చేసరికి ఎందుకు చిరిగింది? మీ లెక్కన అంబదేవుడు జాతి ద్రోహి, మా లెక్కన కాదు. దీనికి జవాబు చెప్పండి.

ఊరికే చూసేవాణ్ణి:
పాప్‌కార్న్ తెచ్చుకుని కూర్చున్నా.

శాసనాల పిచ్చోడు:
ఎవరో పైన కులం ఎత్తారు కాబట్టి ఒక్క మాట చెప్పి ఊరుకుంటాను. వర్ణం ప్రస్తావించిన శాసనాల్లో ఎక్కువ వాటిలో కాకతీయులు తమది చతుర్థ కులమనే చెప్పుకున్నారు, దాచుకోలేదు. మోటుపల్లిలో మాత్రం సూర్యవంశం దాకా వెళ్లారు. పరదేశి వ్యాపారి ముందు కాస్త దర్పం చూపించారనుకుంటా.

నిర్వాహకులు:
'కాకతీయులు మావాళ్లే' అంటూ మూడు వేర్వేరు కులాల తరఫున వచ్చిన వ్యాఖ్యలు తీసేశాం. మళ్లీ పెడితే ఐడీ ఆపేస్తాం. శాసనం గురించి మాట్లాడండి, పెళ్లిసంబంధాల గురించి కాదు.

జంపన్న వాగు:
ఇంతమంది ఇంత రాశారు, మేడారం పేరు ఒక్కరూ ఎత్తలేదు. కరువులో కప్పం కట్టలేమన్న కోయల మీదికి ప్రతాపరుద్రుడు సైన్యాన్ని పంపితే సమ్మక్క, సారలమ్మ, జంపన్న ఎదురు నిలిచారని మా దగ్గర కథ. శాసనం చూపించమని అడగకండి, అడవిలో రాళ్లు చెక్కేవాళ్లను మేం పెట్టుకోలేదు. రెండేళ్లకోసారి జనం నెత్తిన బెల్లం పెట్టుకుని వచ్చి, దాన్ని బంగారం అని పిలిచి గద్దెల దగ్గర పోస్తారు. ప్రతాపరుద్రుడి పేరు మీద ఎక్కడైనా అలాంటి జాతర ఉంటే చెప్పండి.

పల్నాటి బుల్లోడు:
ప్రతి రాజ్యంలోనూ పన్ను మీద గొడవ ఉంటుంది. దానితో రాజ్యం చేసిన మంచి కొట్టుకుపోదు. అసలు గట్టు గారికి ఇంత కోపం ఎందుకో నాకు అర్థం కావడం లేదు. కాకతీయ తోరణాన్ని మీ రాష్ట్ర ముద్ర మీద పెట్టుకున్నది మీరే కదా!

రామప్ప గట్టు:
పెట్టుకున్నాం. 2024లో ముద్ర మారుస్తాం, తోరణం ఉండదు అని మాట వచ్చినప్పుడు వద్దని గొడవ చేసినవాళ్లలో నేనూ ఉన్నా.

పల్నాటి బుల్లోడు:
మరి ఇక్కడ రాజులు ఏం చేశారు అని అడుగుతారు, అక్కడ తోరణం మాది అంటారు. ఏదో ఒక దాని మీద నిలబడండి సార్.

రామప్ప గట్టు:
నిలబడే ఉన్నా. మా ఊరి చెరువు శిఖంలో, అంటే నీళ్లు నిలిచే భూమిలో, ప్లాట్లు వేసి అమ్ముతుంటే పాత భూమి రికార్డులు, పహాణీలు పట్టుకుని తిరిగిందీ మేమే. ఏ రాజూ రాలేదు, రాజుల మీద వ్యాసాలు రాసేవాళ్లూ రాలేదు. ఇప్పటికీ సగం ఆయకట్టుకు నీళ్లు అందవు. అందుకే 'కాకతీయ వైభవం' అని ఎవరైనా మొదలుపెడితే ఏ చెరువు, ఎవరి కట్ట, ఇప్పుడు ఎలా ఉంది అని అడుగుతాను.

శాసనాల పిచ్చోడు:
తారీఖులు పక్కన పెట్టి నాకు తోచింది రాస్తాను, తిట్టకండి. బుల్లోడు గారి వాదనలో ఒక చిక్కుంది. కాకతీయ రాజ్యం ఒక్కటిగా ఉన్నప్పుడు తెలుగులో ఏం వచ్చిందో చూడండి. ప్రతాపరుద్రుడి ఆస్థానంలో పేరున్న విద్యానాథుడు రాసింది సంస్కృతంలో అలంకార శాస్త్రం. పాల్కురికి సోమనాథుడు ద్విపద రాసింది శివభక్తులు పాడుకోవడానికి, రాజును మెప్పించడానికి కాదు. తిక్కన ఉన్నది నెల్లూరు మనుమసిద్ధి దగ్గర. ఆ మనుమసిద్ధి గద్దె పోగొట్టుకుంటే గణపతిదేవుడు సాయం చేసిన మాట నిజమే, కానీ భారతం ఓరుగల్లులో పుట్టలేదు.

1323లో ఓరుగల్లు పడింది. ఢిల్లీకి తీసుకెళ్తుంటే ప్రతాపరుద్రుడు నర్మద ఒడ్డున చనిపోయాడని ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనం. ఆ తర్వాత చూడండి. ఓరుగల్లును తిరిగి పట్టిన కాపయ నాయకుడు 'ఆంధ్రదేశాధీశ్వర', 'ఆంధ్రసురత్రాణ' అని బిరుదులు పెట్టుకున్నాడు. అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి దగ్గర ఎర్రన, కొండవీట్లో శ్రీనాథుడు. బమ్మెరలో పోతన, ఆయనకైతే రాజే అక్కర్లేదు. రాచకొండ, కొండవీడు, రాజమహేంద్రవరం ఒకదానితో ఒకటి కొట్టుకుంటూనే తెలుగు కవుల కోసం పోటీ పడ్డాయి. నాకు కనిపించేది ఇంతే. రాజ్యం ఒక్కటిగా ఉన్నప్పటికంటే ముక్కలయ్యాకే తెలుగు ఎక్కువ పండింది. మేమంతా ఒకటి అన్న మాట కూడా ఆ దెబ్బ తగిలాకే గట్టిగా వినిపించింది.

పల్నాటి బుల్లోడు:
ఓహో! ఇప్పుడు తెలిసింది ఈ చర్చ ఎటు పోతోందో. ముక్కలైతేనే మంచిది అంటారు. 1323ని అడ్డం పెట్టుకుని 2014ని సమర్థిస్తున్నారు, అంతేగా? సూటిగా అనండి, నేనేం అనుకోను.

శాసనాల పిచ్చోడు:
2014 అన్న అంకె నా వ్యాఖ్యలో ఎక్కడుందో చూపించండి.

పల్నాటి బుల్లోడు:
కనిపించనక్కర్లేదు, అర్థమవుతుంది. నేను 1990ల నుంచి హైదరాబాదులో ఉంటున్నాను. మా అమ్మాయి పదో తరగతి దాకా ఇక్కడే చదివింది. అమ్మమ్మకు బాగాలేదని ఇంటర్ రెండేళ్లు గుంటూరులో చేర్పించాం. మెడిసిన్ సీటు దగ్గరకొచ్చేసరికి నాన్‌లోకల్ అన్నారు. పుట్టింది ఇక్కడ, పెరిగింది ఇక్కడ, ఓటు ఇక్కడ. కౌన్సెలింగ్ లైన్లో నిలబడి అది 'నాన్నా, మనం ఎక్కడివాళ్లం?' అని అడిగితే ఏం చెప్పాలి? గణపతిదేవుడి రాజ్యంలో ఓరుగల్లువాడు మోటుపల్లిలో, మోటుపల్లివాడు ఓరుగల్లులో నాన్‌లోకల్ కాదు. నాకు కాకతీయులు కావాల్సింది అందుకు. మీరు దశబంధం, మత్తడి అని లెక్కలు తీస్తున్నారు.

రామప్ప గట్టు:
ఇప్పుడు అసలు విషయానికి వచ్చారు. పాప సంగతి నాకూ బాధే, ఆ రూల్ నేను పెట్టలేదు. కానీ మీరు 'ఒకే జాతి' అన్నప్పుడల్లా నాకు గుర్తొచ్చేది వేరు. తీరం వైపు ఒక కాలేజీలో ఇంజినీరింగ్ చదివాను. వార్షికోత్సవం నాటకంలో నాకు ఎప్పుడూ ఒకటే వేషం, తాగుబోతు పనివాడు. 'నువ్వు మామూలుగా మాట్లాడు చాలు, జనం నవ్వుతారు' అన్నాడు డైరెక్షన్ చేసే సీనియర్. మామూలుగా మాట్లాడాను, నవ్వారు. హీరో వేషం వేసినవాడిది మీ వైపే. అప్పుడు రాష్ట్రం ఒకటే, జాతీ ఒకటే అనేవాళ్లు. ఆ ఒకటిలో నా వేషం ఏదో మీరు ముందే రాసి పెట్టుకున్నారు. తోరణం 'మాది' అంటే నేను ఊరుకుంటాను. 'మనది' అని మీరు అంటేనే చిర్రెత్తుకొస్తుంది.

పల్నాటి బుల్లోడు:
ఆ సీనియర్ చేసింది నా నెత్తిన వేస్తారేంటి! నేను అన్నానా ఆ మాట?

చిన్నోడు:
ఇద్దరూ కాస్త నీళ్లు తాగండి సార్.

హోసూరు తెలుగు:
చాలాసేపటి నుంచి చదువుతున్నా. మా పెద్దలు విజయనగరం రోజుల్లో నాయకుల వెంట దక్షిణానికి వచ్చినవాళ్లంటారు. కృష్ణగిరి జిల్లాలో తరాలుగా ఉన్నాం. 2006 తమిళ బోధన చట్టం వచ్చాక పిల్లలు బళ్లో తమిళం చదవాల్సిందే. మా అబ్బాయి తెలుగు మాట్లాడతాడు, బస్సు మీద బోర్డు మాత్రం తెలుగులో ఉంటే చదవలేడు. మాకు రాజు లేడు, ముద్ర లేదు, లోకల్ కోటా లేదు. ఇంట్లో గొబ్బిళ్లు పెడతాం, ఉగాది చేస్తాం. మరి మేం ఆ జాతిలో ఉన్నామా లేదా? ఉంటే మమ్మల్ని కలిపింది ఏ రాజు?

రామప్ప గట్టు:
ఎందుకు లేరన్నా? నా లెక్కలో ఉన్నారు. రాజ్యం కింద ఉన్నవాడే జాతి అనే లెక్కలోనే మీకు చోటు లేదు.

పల్నాటి బుల్లోడు:
నా మాటలు మీరు రాయకండి. హోసూరు గారూ, మీరు చెప్పిందే నాకు సాక్ష్యం. మీ పెద్దలు నాయకుల వెంట వచ్చారన్నారు. ఆ నాయంకర పద్ధతి మొదట గట్టిపడింది ఓరుగల్లులో. భూమి ఇచ్చి, దానికి బదులు సైన్యం పోషించమనే ఏర్పాటు. విజయనగరం దాన్నే పెంచుకుంది. కాబట్టి మీరు కృష్ణగిరిలో ఉన్నా వెనక కాకతీయులే ఉన్నారు.

హోసూరు తెలుగు:
అయితే మా అబ్బాయికి తెలుగు టీచర్ని కూడా ఓరుగల్లు నుంచే పంపించండి సార్.

శాసనాల పిచ్చోడు:
నాయంకరం కాకతీయుల నుంచే నేరుగా విజయనగరానికి వెళ్లిందా అన్న దాని మీద పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. ఇక్కడ తీర్పు చెప్పేయకండి.

రామప్ప గట్టు:
అదంతా సరే. పాఖాలకు రాజు ఎంత ఇచ్చాడో ఇంకా చెప్పలేదు.

పల్నాటి బుల్లోడు:
మోటుపల్లి శాసనం మీరు ఇంకా చదవలేదు.

తుంగభద్ర:
అంబదేవుడి గురించి నేను అడిగింది అడిగినట్టే ఉంది. ఇద్దరిలో ఎవరు చెప్తారు?