మెకంజీలో ఆ ‘జ’ ఎక్కడిది?

ప్రశ్న: గ్రామ కైఫీయతుల (ఊళ్ల చరిత్రను రాయించిన పాత రికార్డుల) గురించి చదువుతున్నాను. వాటిని సేకరింపజేసిన కల్నల్ కాలిన్ మెకంజీ పేరు ఒక్కో పుస్తకంలో ఒక్కో రకంగా ఉంది: మెకంజీ, మెకెంజీ, మెకంజి, మెకన్‌జీ. వీటిలో ఏది సరైనది? ఆ ఇంటిపేరుకు అర్థమేమైనా ఉందా? తెలిసిన పెద్దలు చెప్పగలరు.

జవాబు: నాలుగింటిలో ఏది రాసినా తప్పు పట్టేవారు లేరు. అయితే నాలుగింటిలోనూ ఉన్న ఆ ‘జ’ మాత్రం ఆ పేరుకు పుట్టుకతో వచ్చింది కాదు, అచ్చుయంత్రం తెచ్చిపెట్టింది.

ఇది స్కాట్లండ్ ఉత్తరాన ఉన్న కొండసీమలో పుట్టిన ఇంటిపేరు. అక్కడి గేలిక్ భాషలో దీని పలుకుబడి సుమారుగా ‘మాక్ కొఞిహ్’. మాక్ అంటే కొడుకు. రెండో భాగం ‘కొఞఖ్’ అనే మగవాడి పేరుకు షష్ఠీ విభక్తి రూపం. కొఞఖ్ అంటే చక్కనివాడు, అందగాడు. మొత్తం కలిపితే అందగాడి కొడుకు. ఐర్లండ్‌లోని కిల్కెన్నీ పట్టణం పేరులో ఉన్నది కూడా ఇదే పేరు. అక్కడ కిల్ అంటే చర్చి, తక్కినది ఆ పేరుగల ఒక సాధువు. ఇంగ్లీషులో కెన్నెత్ అని వినిపించే పేరుకు మూలాల్లో ఇది ఒకటి.

ఇక్కడ ఞ వాడింది పాండిత్యం చూపించడానికి కాదు. ఆ ధ్వనికి అంత దగ్గరగా ఉన్న అక్షరం ఇంకొకటి లేదు. బడిలో అక్షరమాల వల్లించాక మనం విడిగా ఎన్నడూ రాయని ఞ, అట్లాంటిక్ ఒడ్డున ఒక ఇంటిపేరు నడుమ హాయిగా బతుకుతోంది.

గేలిక్ పేర్లను స్కాట్స్ భాషలో రాయాల్సి వచ్చినప్పుడు చిక్కు మొదలైంది. స్కాట్స్ అంటే గేలిక్ కాదు, ఇంగ్లీషుకు తోబుట్టువు. ఆ రాయసగాళ్లు ఞ ధ్వని కోసం ‘న’ పక్కన యోఖ్ అనే అక్షరం పెట్టేవారు. అది చూడటానికి 3 అంకెలా ఉంటుంది, పలకడానికి దాదాపు మన ‘య’. అప్పట్లో ఈ పేరు వారి నోట ‘మకెన్యీ’ లాగానో ‘మకింగీ’ లాగానో ఉండేది. 1508లో వాల్టర్ చెప్‌మన్, ఆండ్రూ మిల్లర్ అనే ఇద్దరు ఎడింబరోలో ముద్రణ మొదలుపెట్టారు. స్కాట్లండ్‌లో అవే తొలి అచ్చు పుస్తకాలు. ముద్రాపకుల దగ్గరున్న అచ్చు దిమ్మల్లో యోఖ్ లేదు. చేతిరాతలో తోక దించి రాసే రోమన్ ‘జెడ్’ దానిలాగే కనిపిస్తుంది కాబట్టి దాన్నే వాడేశారు. తెలిసినవారు జెడ్‌ను చూసి ‘య’ అని చదువుకున్నారు. తరాలు గడిచేసరికి తెలియనివారు ఎక్కువై, కంటికి కనిపించిందే పలికారు. మెకంజీ అలా పుట్టాడు.

ఇంకో సభ్యురాలు: ఇది నిజంగా జరిగిందా, లేక ఎవరో అల్లిన కథా? ఇంటిపేర్ల మీద ఇలాంటి కథలు మన దగ్గరా బోలెడు.

జవాబు: మీ అనుమానం న్యాయమైనదే. దీనికి సాక్ష్యం పక్కనే ఉన్న ఇతర పేర్లు. జెడ్‌తో రాస్తూ పాత ఉచ్చారణను వదలని పేర్లు స్కాట్లండ్‌లో నేటికీ ఉన్నాయి. ‘మెన్జీస్’ అని రాసి ‘మింగిస్’ అంటారు. ‘డాల్జియెల్’ అని రాసి ‘డీఎల్’ అంటారు. పడమటి తీరంలో ‘కల్జీన్’ అని రాసి ఉన్న కోటను ‘కలేన్’ అని పిలుస్తారు. వీటన్నిటిలోనూ జెడ్ ఒకనాటి యోఖ్ స్థానంలో కూర్చున్నదే. కంటికి నోరు లొంగిపోయిన పేరు మెకంజీ, లొంగనివి ఇవి.

మరో సభ్యుడు: అయితే ఇకనుంచి ‘మెకెఞీ కైఫీయతులు’ అని రాయమంటారా? గ్రంథాలయంలో అడిగితే నవ్వి పంపిస్తారు.

జవాబు: వద్దండీ, ససేమిరా వద్దు. కాలిన్ మెకంజీ 1754లో స్కాట్లండ్‌కు చెందిన లూయిస్ దీవిలోని స్టోర్నవేలో పుట్టాడు, 1783లో మద్రాసులో దిగాడు, 1815లో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు, 1821లో కన్నుమూశాడు. ఆయన పేరును ప్రపంచమంతా జకారంతోనే పిలుస్తుంటే మనం వెనక్కి లాగడం అనవసరం. వాడుకలో స్థిరపడ్డ పొరపాటు కూడా వాడుకే. ఆయనకు సహాయకులుగా పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల పేర్లను ఆ రోజుల ఇంగ్లీషు కాగితాలు ఎన్ని తిప్పలు పెట్టాయో చూస్తే, ఆయన పేరుకు మనం చేసింది చాలా తక్కువ.

పైగా ఇదే ప్రమాదం మన పత్రికల్లో మన కళ్లముందే జరిగింది. కేరళలోని ఊరిని మన పత్రికలు ‘కోజికోడ్’ అని రాస్తుంటాయి. ఆ ఊళ్లో ‘జ’ లేదు. అక్కడున్నది తమిళ, మలయాళాల్లో నాలుక మడిచి పలికే ఴ. రోమన్ లిపిలో దానికి గుర్తుగా జెడ్, హెచ్ కలిపి రాస్తే, అనువదించేవారు ఆ జెడ్‌ను నమ్మి ‘జ’ చేశారు. ఒకప్పుడు ఈ ఴ మనకూ ఉండేది. రేనాటి చోడుల శాసనాల్లో కనిపిస్తుంది. తమిళులు ఏఴు, కోఴి, చోఴ అనేచోట మనం ఏడు, కోడి, చోడ అంటాం. అయితే ఈ రెంటికీ తేడా గమనించాలి. ఏడు, కోడిల్లో ముందు నోరు మారింది, అక్షరం తరువాత తప్పుకుంది. మెకంజీలో, కోజికోడ్‌లో ముందు అక్షరం మారి నోటిని వెంట లాక్కుపోయింది. భాషాచరిత్రలో మొదటిది మామూలు సంగతి. రెండోది అక్షరాస్యత పెరిగిన కొద్దీ ఎక్కువవుతున్న సంగతి.

అదే సభ్యురాలు: సరే, ఒప్పుకున్నాను. మరి మెకంజీలందరూ ఆ ఒక్క అందగాడి సంతానమేనా? కెనడాలో నది పేరు కూడా మెకంజీయే కదా.

జవాబు: అందరూ ఒకే రక్తం కాదు. ఇది కిన్‌టెయిల్ ప్రాంతపు ఒక వంశం పేరు. ఆ నాయకుల ప్రాబల్యం రాస్‌షైర్ అంతటా పాకి, పదిహేడో శతాబ్దం మొదట్లో లూయిస్ దీవి కూడా వారి చేతికి వచ్చింది. కొండసీమలో దొర భూమి దున్నుకునేవారు, అతని అండన బతికేవారు అతని వంశనామం పెట్టుకోవడం రివాజు. కాబట్టి పేరు కలిసినంత మాత్రాన గోత్రం కలవదు. ఒకే దీవిలో మెకంజీలు, మెక్‌లౌడ్‌లు కిక్కిరిసిపోవడంతో లూయిస్‌లో మనిషిని గుర్తుపట్టాలంటే తండ్రి తాతల పేర్లో, ఊళ్లో పెట్టిన ముద్దుపేరో చెప్పక తప్పదు.

మీరన్న నది 1789లో దాని వెంట ఆర్కిటిక్ మహాసముద్రం దాకా వెళ్లిన అలెగ్జాండర్ మెకంజీ పేరు మీద ఉంది. ఆయనదీ స్టోర్నవేనే. వలసలతో ఈ పేరు కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలండ్‌లకు చేరింది. కెనడా రెండో ప్రధానమంత్రి కూడా ఒక అలెగ్జాండర్ మెకంజీయే, ఈయన వేరే మనిషి.

ఇంకొక తమాషా. గేలిక్‌లో ఆడవారి ఇంటిపేరుకు ‘మాక్’ రాదు, ‘నిక్’ వస్తుంది. అన్న మాక్ కొఞిహ్ అయితే చెల్లెలు నిక్ కొఞిహ్. 1990ల నుంచి అమెరికాలో మెకంజీ ఆడపిల్లలకు పెట్టే పేరుగా బాగా చెలామణి అయింది. అందగాడి కొడుకు అని పిలిపించుకుంటూ ఎందరో అమ్మాయిలు తిరుగుతున్నారు. మన రామకుమార్ పేరును ఆడపిల్లకు పెట్టినట్టే.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలు. ‘మాక్’ అని ఉంటే స్కాట్లండ్ వారు, ‘మెక్’ అని కురచగా ఉంటే ఐర్లండ్ వారు అని విన్నాను. నిజమేనా?

జవాబు: కాదు. కురచ రూపం రాతలో సంక్షేపం మాత్రమే. రెండు దేశాల్లోనూ రెండూ ఉన్నాయి, ఒకే మనిషి పేరు పాత కాగితాల్లో రెండు విధాలా దొరుకుతుంది. మీ అసలు ప్రశ్నకు వస్తే, ‘మెకంజీ’ అని రాయండి, ‘మెకెంజీ’ అని కూడా వెతకండి. కైఫీయతుల సంపుటాలు రెండు పేర్లతోనూ దొరుకుతాయి.

ఇంకొకరు: ఆస్ట్రేలియా ప్రధానిగా చేసిన రాబర్ట్ మెన్జీస్‌ను కూడా మింగిస్ అనాలా?

జవాబు: అక్కర్లేదు. ఆయన జకారంతోనే పిలిపించుకున్నాడు. కానీ ఆయనకు జనం పెట్టిన పొట్టిపేరు మాత్రం ‘మింగ్’.