అమ్మమ్మ ఉయ్యాలబల్లకి ఏ పాలిష్ వేయించాలి?

గోదారిపిల్ల: మా అమ్మమ్మగారి మండువా ఇల్లు విప్పేశారు. టేకు ఉయ్యాలబల్ల, ఇత్తడి గొలుసులతో సహా, నా వంతుకొచ్చింది. హైదరాబాద్‌లో మా ఫ్లాట్ హాల్లో వేలాడదీయాలని ఆశ. పాలిష్ అతనేమో పాతదంతా గీకేసి పీయూ (పాలీయురెథేన్, ప్లాస్టిక్ పొరలాంటి పాలిష్) కొడతాడట, అద్దంలా మెరుస్తుందట. అమ్మమ్మ తల పెట్టుకునే చోట చెక్క నున్నగా అరిగి ఉంది. అది పోతుందని టెన్షన్.

చెక్కపిచ్చోడు: గీకించకండి! పాత సామానుకి తరచుగా లక్క పాలిష్ ఉంటుంది. అడుగువైపు స్పిరిట్ అద్దిన దూది పెట్టి చూడండి, జిగురుగా కరిగితే లక్కే. దానిమీద మళ్లీ లక్కే వేయించుకోవచ్చు. కాకపోతే వేడి గ్లాసు పెడితే తెల్ల మచ్చ పడుతుంది. మా బల్లమీద మూడున్నాయి, మూడూ మా ఆవిడవే.

సిమెంటుబాబు: పాలిష్ సరే, కొక్కేలెక్కడ? ఫాల్స్ సీలింగ్‌కి మాత్రం వద్దు. ముందు ఇంజనీరుకి చూపించండి, బీముకి బిగించడం మేలు.

పెడన కోడలు: గొలుసులకి చింతపండు చాలు. పరుపుమీదకి మా ఊరి అచ్చు కలంకారీ వేయండి, ముదురెరుపుది.

గోదారిపిల్ల: దూది పరీక్ష అయింది. లక్కే! చింతపండు నానబెట్టాను.