అప్‌డేట్: కళ్లజోడు పవరే కాంటాక్ట్ లెన్సుకూ పనికొస్తుందా?

కళ్లజోడు చీటీలో -6.00 ఉంటే అదే నంబరుతో ఆన్‌లైన్‌లో నెలవారీ లెన్సులు తెప్పించుకోవచ్చా అని అడిగాను. ఫిట్టింగ్ పరీక్ష అయింది: కుదరదు. కళ్లజోడు అద్దం కంటికి సుమారు 12 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది, లెన్సు కంటి మీదే కూర్చుంటుంది. అందుకే -6.00 కాస్తా -5.50 అయింది. పవర్ 4.00 దాటితే ఈ లెక్క తప్పనిసరి. చీటీలో బేస్ కర్వ్ (లెన్సు లోపలి వంపు) 8.6, డయామీటర్ (లెన్సు వెడల్పు) 14.2, లెన్సు పేరు కూడా రాశారు. కంపెనీ మారిస్తే మళ్లీ ఫిట్టింగ్ చూపించుకోవాల్సిందే.

లెన్సుకు నీళ్లు తగలకుండా చూసుకోవడం మాత్రం దయచేసి తేలిగ్గా తీసుకోకండి. కుళాయి నీళ్లలో, బోరు నీళ్లలో అకాంథమీబా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు. అది కార్నియాకు (కంటి ముందుండే పారదర్శక పొరకు) సోకితే నెలల తరబడి చుక్కలు వేయాలి, చూపే పోవచ్చు. సబ్బుతో కడిగిన చేతులు పూర్తిగా తుడుచుకున్నాకే లెన్సు ముట్టుకోండి. స్నానానికి ముందే తీసేయండి. సీసా మీద ‘నో రబ్’ (రుద్దక్కర్లేదు) అని ఉన్నా లెన్సు సొల్యూషన్‌తో రుద్ది కడగండి. లెన్సులు పెట్టే కేసులో పాత సొల్యూషన్ మీదే కొత్తది పోస్తే క్రిములను చంపే శక్తి తగ్గుతుంది, పారబోసి నింపండి. కేసును 3 నెలలకోసారి మార్చాలి.

కన్ను ఎర్రబడి నొప్పి పుట్టినా, వెలుతురు చూడలేకపోయినా లెన్సు తీసేసి అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. లెన్సు, కేసు పారేయకుండా పట్టుకెళ్లండి, వాటి నుంచీ కల్చర్ పరీక్ష (క్రిములను పెంచి గుర్తించే పరీక్ష) చేయొచ్చు.